డబ్బాపాలు మాన్పించుట

బిడ్డకు విరేచనములైనచో నేయి మాన్పవలెననియు, పాలు పలుచన చేయవలెననియు, గంజితేట పట్టవలెననియు మన యిండ్లలో అవ్వల నాటినుండి వచ్చుచున్న కట్టుబాటు. పూటకో రెండుపూటలకో తగ్గిపోవు అజీర్తికి దానివలన పెద్దకీడు కలుగకపోవచ్చును. కాని ఆ పథ్యమే బిడ్డను క్షీణింపజేయు వ్యాధి యొకటి కలదు. ఆ వ్యాధితో జన్మించిన మా చిన్నకుమార్తెకు డబ్బాపాలు మాన్పి, గేదెపాలును అన్నమును అలవరచిన విధమును ఈ గిద్దలూరినుండి మీకు నివేదింపదలచితిమి.

ఆ వ్యాధి పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. అమెరికాదేశపు వైద్యురాలు డొరొతీ ఆండర్సన్ గారు 1938లో దీనిని ప్రత్యేకవ్యాధిగ విశదపరచిరి. దీనికి మూలమైన జన్యువును 1989లో కనుగొనిరి. ఇది తెల్లవారి వ్యాధి యని చాలకాలము తలచుచుండిరి గాని, 1968 నుండియు మన దేశపు వైద్యులు దీనినిగూర్చి వ్రాయుచునే యున్నారు. ఆ జన్యువు చెడినచో శరీరమునందలి స్రావములు జిగటయై ఊపిరితిత్తులలోని గొట్టములను, క్లోమగ్రంథి నాళములను పూడ్చివేయును. క్లోమరసము ప్రేగును చేరదు. అందుచే బిడ్డ యెంత త్రాగినను అందలి క్రొవ్వు జీర్ణము కాక, జిడ్డుగ, దుర్గంధముతో వెలికి పోవును. బిడ్డ ఆకలికి ఏడ్చుచునే యుండును; బరువు మాత్రము పెరుగదు. దీనికితోడు చెమటలో ఉప్పు మిక్కుటముగ పోవును.

ఇట్టి బిడ్డ పుట్టినయింట మొదట వినవచ్చు మాట కోడలి కడుపు మంచిది కాదనుట. అది అసత్యము. చెడిన జన్యువు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి వచ్చి కలిసిననే ఈ వ్యాధి కలుగును. ఒక్కటి మాత్రమే కలవారు ఆరోగ్యముగనే యుందురు. తమయొద్ద నది యున్నదని వారికే తెలియదు. అట్టి దంపతులకు ప్రతికాన్పునందును నాలుగింట ఒకపాలు ఈ భయము కలదు. మేనరికములలో ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు. కావున నిందకు ఇందు చోటు లేదు. తెలివిడికి మాత్రము కలదు.

మా చిన్నది పుట్టినప్పుడు బరువు తక్కువది కాదు. మూడవనెల నిండునప్పటికి తోటిపిల్లలకంటె మిగుల వెనుకబడెను. నుదుట ముద్దిడినప్పుడెల్ల పెదవులకు ఉప్పదనము తగులుచుండెను. ఒక పెద్దనగరమునకు పోయి చెమటపరీక్ష చేయించితిమి. చెమటయందలి క్లోరైడు లీటరునకు 60 మిల్లీమోళ్లు గాని అంతకుమించి గాని యున్నచో ఈ వ్యాధి యని నిర్ణయింతురు. మా బిడ్డకు అంతకు మించియే యుండెను. చనుబాలు మాన్పనక్కరలేదు, మందుతో కలిపి యిచ్చుటయే మేలని వైద్యులు చెప్పిరి. కాని మాకు నాలుగవనెలలో పాలు ఇంకిపోవుటచే డబ్బాపాలు తప్పవయ్యెను.

ఆ మందు క్లోమరసమునకు బదులుగా ఇచ్చునది. గొట్టపుబిళ్లలో ఆవాలకంటె సన్నని పూసలుగ నుండును. దానిని విప్పి, ఆ పూసలను చెంచాలో పులుపుగల పండుగుజ్జుపై చల్లి, పాలకు ముందుగ నాలుకపై పెట్టవలెను. ఆపిలుపండు ఉడికించి మెదిపిన గుజ్జు మాకు అనుకూలించినది. పూసలను నూరరాదు, పాలలో కలుపరాదు, వేడిపప్పులో వేయరాదు. వాని పైపూత కరగినచో గుణము చెడును. త్రాగిన పిదప చిగుళ్లనడుమ పూస యేదైన నిలిచినదేమో చూచి తుడువవలెను, లేనిచో నోరు పుండగును. ఎంత యీయవలెనో వైద్యులే నిర్ణయింపవలెను. దినమునకు శరీరపు బరువు కిలో యొకటికి పదివేల యూనిట్లు మించరాదని హద్దు కలదు. మిక్కిలి హెచ్చుగ ఇచ్చిన పిల్లలకు పెద్దప్రేగు ఇరుకగుట 1994లో కనబడినది. కావున మందని యెంతైనను పోయరాదు.

ఆడుబిడ్డ గనుక బేసినెలయగు ఏడవనెలలో అన్నప్రాశనము చేసితిమి. ఆరునెలలు నిండవలెనన్న వైద్యుల మాటయు చెల్లినది. అప్పటికే ఇంట ఉప్పు పెద్దవివాదమయ్యెను. సామాన్యశిశువునకు ఏడాదివరకు ఉప్పు కలుపకుండుటయే మేలు. ఈ బిడ్డకు మాత్రము ఆరునెలలలోపున దినమునకు చిన్నచెంచాలో ఎనిమిదవపాలు, పిమ్మట నాలుగవపాలు ఉప్పు ఈయవలెనని చెప్పిరి. డబ్బాపాలలో ఉప్పు కలుపుట చూచి మా అత్తగారు గుండె బాదుకొనిరి. "పాలల్లో ఉప్పేంది అమ్మాయీ! పగవాడికైనా పెడతారా?" అనిరి. పాలును ఉప్పును పొసగవని పెద్దలు చెప్పుట మేమును విన్నదే. కాని 1948లో న్యూయార్కునగరమున వడగాడ్పు వీచినప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన శిశువులలో పలువురు ఈ వ్యాధిగలవారే యని తేలినది. ఆ కారణమును వెదకియే 1953లో పాల్ డి సాంటాగ్నీస్ అను వైద్యుడు చెమటలోని ఉప్పును కనిపెట్టెను. నల్లమల దాపున నున్నను మన గిద్దలూరి వేసవి యెట్టిదో అత్తగారికి వేరుగ చెప్పనక్కరలేదు. అది విని వారు ఊరకుండిరి. అన్నము మొదలైన తరువాత ఉప్పు పప్పులోనికి మారెను. పాలు పాలుగనే నిలిచెను.

పండ్రెండునెలలు నిండినంతట డబ్బాపాలు మాన్పవచ్చునని వైద్యులు తెలిపిరి. అంతకుముందు గేదెపాలుగాని ఆవుపాలుగాని ముఖ్యాహారము కారాదు. వానిలో ఇనుము మిగుల తక్కువ. డబ్బా మానుట మాకు వ్యయమునందేగాక నీటివిషయమునను ఊరట. మా ప్రాంతమున పలుచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. కావున పాలు కలుపుటకు మంచినీరు వేరుగ కొనుచుంటిమి.

మొదట మూడుపాళ్లు డబ్బాపాలు, ఒకపాలు కాచిన గేదెపాలు కలిపి మూడుదినములు పట్టితిమి. తరువాత సగము సగము, ఆపై మూడుపాళ్లు గేదెపాలు. ఇట్లు పండ్రెండవనాటికి డబ్బా తీసివేసితిమి. చిన్నది ఇష్టముగనే త్రాగెను. కాని రెండువారములు తూకము కదలలేదు. కడుపుబ్బెను, విరేచనము మరల జిడ్డుగ తేలెను. "బర్రెపాలు బరువు, నీళ్లు పోసి వెన్నతీసి పట్టు" అని అత్తగారును, డబ్బాయే నయమని ఇరుగుపొరుగువారును చెప్పిరి. మేము బిడ్డ త్రాగిన పాలు, మందు, విరేచనములు, తూకము బడి హాజరుపట్టీవలె గీతలుగీసి వ్రాసియుంచితిమి. దానిని ఫోనులో ఆసుపత్రి ఆహారనిపుణురాలికి చదివి వినిపించితిమి.

ఆమె లెక్క సులభమైనది. డబ్బాపాలు నూరు మిల్లీలీటర్లలో క్రొవ్వు సుమారు మూడున్నర గ్రాములు. గేదెపాలలో సుమారు ఏడు. గిన్నె అదే, క్రొవ్వు రెట్టింపు, మందు మాత్రము పాతదే! పాలు పలుచన చేయుట కాదు, వైద్యుని యడిగి మందు సరిచేయుట కర్తవ్యము. ఆ దినముననే మోతాదు మారెను. వారములోపల కడుపు చదునయ్యెను. ఆ నెల చివరకు ఏడుకిలోల నాలుగువందల గ్రాముల బిడ్డ మూడువందల గ్రాములు పెరిగెను.

అత్తగారికి ఇంకను సందేహము తీరలేదు. వారికి టొరంటో కథ చెప్పితిమి. కెనడాలోని ఆ నగరమున ఈ రోగులకు మందుతోకూడ నెయ్యి వెన్నలు ధారాళముగ పెట్టిరి. అమెరికాలోని బోస్టనునందు క్రొవ్వు తగ్గించిరి. 1988లో రెండింటిని పోల్చిచూడగా టొరంటోవారు పొడవుగ పెరిగిరి. బ్రతుకుకాలపు మధ్యమము అచట ముప్పదేండ్లు, బోస్టనులో ఇరువదియొకటి. అత్తగారు కొంతసేపు ఆలోచించి, "వెన్న తినని బాలకృష్ణుణ్ణి ఎవరు చూశార్లే" అని తామే నేతిగిన్నె దింపిరి. నాటినుండి చిన్నదాని పప్పన్నమున నేయి వేయుట వారి అధికారము.

ఆహారవిషయమున మేము పాటించునవి ఇవి. పాలు దినమునకు అరలీటరు మించనీయము, మించినచో అన్నమునకు ఆకలి యుండదు. మూడుపూటల అన్నము, నడుమ రెండు చిరుతిండ్లు. రాగిజావలో నేయి, కొఱ్ఱన్నములో పప్పు, వెన్న, మన నేలలో పండు వేరుసెనగలను వేచి, మెత్తగ నూరి, పలుచన చేసిన ముద్ద. గింజలుగ మాత్రము ఈయము, గొంతున పడును. తేనె ఏడాదిలోపు బిడ్డకెవ్వరికిని నాకింపరాదు. వట్టి పండ్లకు మందు అక్కరలేదు. పాలు, నేయి, నూనె తగిలిన ప్రతిదానికిని కావలెను. ఏ, డి, ఇ, కె విటమినులు క్రొవ్వుతోనే ఒంటబట్టునవి గనుక, ఆ చుక్కలను మందుతోకూడిన భోజనవేళనే వేయుదుము.

ఇంతటితో వ్యాధి తొలగినదని మేము చెప్పము. ఉదయము సాయంకాలము రొమ్మును వీపును తట్టి కఫము కదలింపవలెను. దగ్గు హెచ్చినచో ఆలసింపరాదు. జన్యుదోషముచే చెడిన ప్రోటీనును సరిదిద్దు త్రివిధౌషధము 2019లో అమెరికాలో అంగీకరింపబడినది. దాని వెల మనవంటివారికి అందనిది, అదియు జన్యుదోషమునుబట్టి కొందరికే పనిచేయును. అందువరకు మా చేతిలోనున్న ఔషధము బిడ్డ బరువు. బాగుగ పెరిగిన బిడ్డ ఊపిరితిత్తులు రోగమునకు బాగుగ నిలుచును.

సోదరీమణులారా! మీ యింటగాని పొరుగింటగాని ఎంత తినినను పెరుగని బిడ్డ, ముద్దిడిన ఉప్పగ తగులు బిడ్డ, జిడ్డువిరేచనములతోను విడువని దగ్గుతోను బాధపడు బిడ్డ కనబడినచో, దిష్టి తీయుదురుగాక, దానితో నిలువకుడు. చెమటపరీక్ష యెచట చేయుదురని వైద్యుని అడుగుడు. తల్లిని నిందింపకుడు. వైద్యులు చెప్పువరకు నేతిగిన్నె దాచకుడు.