ఐర్లండులో మేము చూచిన రాగిబాన

విస్కీ కార్ఖానా చూచివచ్చితిమని చెప్పినచో మీలో కొందఱు నొసలు చిట్లింతురని మే మెఱుగుదుము. "అంత దూరము పోయి చూడదగినది ఇదియేనా?" యని మా అత్తగారును అడిగిరి. అడుగుట న్యాయమే. మేమును మొదట అటులే అంటిమి. కాని చూచివచ్చిన పిమ్మట ఆ సంగతి మీతో చెప్పక దాచుకొనుట తప్పని తోచినది.

మా పినతల్లి కుమారుడు, మాకు తమ్ముడు, ఐర్లండు దేశమున కార్కు పట్టణమందు ఉద్యోగము చేయుచున్నాడు. గత వేసవిలో మావారి బడికి సెలవులు కాగా, అతడు టిక్కెట్లు పంపి మమ్ము రప్పించుకొనెను. ప్రొద్దుటూరి యెండలనుండి పోయిన మాకు అచ్చటి యెడతెగని సన్నవానయు, ఎటు చూచినను పచ్చికయు వింతగా నుండెను. పెన్నలో చెలమలు త్రవ్వి నీరు తోడుకొను సీమవారము గదా! నాలుగవనాడు తమ్ముడు, "అక్కా! నేడు మిడిల్టను అను ఊరికి పోవుదము. అచ్చట పాత విస్కీ కార్ఖానా కలదు. మీకు చూపవలెను" అనెను. మేము నిర్ఘాంతపోయితిమి. మఱియొక రెవ్వరైన ఆ మాట యన్నచో అంత వింత కాకపోవును. మా తమ్ముడు అనుటయే వింత. కారణము ముందు తెలియగలదు.

మిడిల్టను కార్కుకు తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ కట్టడమును పదునెనిమిదవ శతాబ్దపు చివర ఉన్నిబట్టల మిల్లుగా కట్టిరట. పిదప అందు సైనికులు నివసించిరి. 1825లో మర్ఫీ యను ఇంటిపేరుగల అన్నదమ్ములు దానిని కొని విస్కీ కాచుటకు తగినట్లు మార్చిరి. ప్రక్కన పాఱు ఏటినీటితో తిరిగిన పెద్ద యినుపచక్రము 1852 నాటిది, నేటికిని నిలిచియున్నది. నూటయేబది యేండ్లు పని నడచిన తరువాత 1975లో, వెనుకనే కట్టిన క్రొత్త కార్ఖానాకు పనియంతయు మార్చిరి. పాతదానిని 1992నుండి యాత్రికులకు చూపుచున్నారు. రాతిగోడలు, కొయ్యదూలములు, పనిముట్లు అన్నియు తుడిచి, ఏ వస్తువు ఎచ్చటనుండెనో అచ్చటనే నిలిపినారు. పాతదానిని కాపాడుకొనుటలో వారి శ్రద్ధను మెచ్చుకొనక తప్పదు.

దారి చూపిన యువతి పని జరిగిన తీరు చక్కగా చెప్పినది. యవలను, అనగా బార్లీ గింజలను, నీట నానబెట్టి గచ్చుమీద పఱచి మొలకెత్తించెడివారట. మనము బిడ్డల జావకొఱకు రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి విసరుట లేదా? మొలక వచ్చినప్పుడు గింజలోని పిండి తియ్యనగును. ఆ కిటుకు రెండింటికిని ఒక్కటే. ఆ మొలకగింజలను పొయ్యివేడిని ఆరబెట్టి, మొలకెత్తని గింజలతో గలిపి విసరి, వేడినీట నానబెట్టి తీపినీరు తీసి, దానిని పులియబెట్టి రాగిబానలో కాతురు. మొలకగింజలపై 1785లో ప్రభుత్వము సుంకము వేయగా, ఆ బరువు తగ్గించుకొనుటకై మొలకెత్తని గింజలు కలుపు వాడుక పెరిగినదట. సుంకము తప్పించుకొన బోవగా క్రొత్త రుచి పుట్టినది! నీరు 100 డిగ్రీల వేడికి మరుగును. మద్యసారము సుమారు 78 డిగ్రీలకే ఆవిరియగును. ఆ ముందు లేచిన ఆవిరిని చల్లని నీటిలోని రాగిగొట్టముగుండ పోనిచ్చి మరల ద్రవముగా పట్టుదురు. ఇట్లు మూడుమాఱులు కాచి, ఓకు కొయ్యతో చేసిన పీపాలలో నింపి, చట్టప్రకారము మూడేండ్లకు తక్కువ కాకుండ నిలువ యుంతురు. నిలువయున్న కాలమున ఏటేట నూటికి రెండువంతుల చొప్పున కొయ్యగుండ ఆవిరియై పోవునట. దానిని "దేవదూతల పాలు" అందురట. మావారు నవ్వి, "ఇచ్చట హవిర్భాగము అడుగకయే చేరుచున్నది" అనిరి.

విస్కీ యను మాటకు మూలమైన ఐరిషు పదమునకు "జీవజలము" అని యర్థమని ఆ యువతి చెప్పినది. మాకు చిన్ననాట మా తండ్రిగారు భాగవతము చెప్పుచు, అమృతమును వారుణియు ఒక్క పాలకడలినుండియే పుట్టినవని వివరించిన ఘట్టము గుర్తు వచ్చినది. పుట్టినచోటు ఒక్కటే, చేరినచోట్లు వేఱు.

తరువాత మమ్మొక పెద్దసావడిలోనికి కొనిపోయిరి. అందున్నది రాగిబాన. ఇటువంటి బానలలో ప్రపంచమున కెల్ల పెద్దది ఇదియేనట. 31 వేల గ్యాలనులకు పైగా, అనగా సుమారు లక్షానలుబది వేల లీటర్లు పట్టును. మా ఇల్లు అందు దూఱునేమో! దాని క్రింద నిప్పు లేదు, లోన చుక్క లేదు. సందర్శకులు నిలిచి ఫొటోలు తీసికొనుచుండిరి. తమ్ముడు మెల్లగా, "అక్కా! చూచితివా? అమ్మ గంగాళము" అనెను. మాకు గొంతు పూడుకొనిపోయెను.

మా పినతల్లిది కర్నూలు సీమలో కోవెలకుంట్ల దగ్గఱ నొక పల్లె. కాపురమునకు వచ్చునాడు పుట్టింటివా రిచ్చిన రాగిగంగాళము ఆ యింటి వాకిట నుండెడిది. అర్ధమైలు దూరమునుండి బిందెలతో నీరు తెచ్చి ఆమె దానిని నింపెడిది. మా బాబాయికి సారాయి అలవాటు. 1980 దశకమున ప్రభుత్వము సారాయిని ప్యాకెట్లలో అమ్మించిన పథకమునకు "వారుణి వాహిని" యని పేరు. పేరు మాత్రము సరిగా పెట్టిరి; అది వాహినియై ఇండ్లలోనికే పాఱినది. 1993 అక్టోబరున రాష్ట్రమంతట సారాయి నిలిపిరి. 1995 జనవరిలో మద్యమంతయు నిషేధించిరి. ఆ రెండేండ్లు పినతల్లి ఇంట పొయ్యి వేళకు వెలిగెను. 1997లో నిషేధమును సడలించిరి. ఆ యేడు వేసవి సెలవులకు మేము అచ్చటనే యుంటిమి. ఒకనాటి తెల్లవాఱుజామున చప్పుడు విని లేచి చూడగా, బాబాయి గంగాళములోని నీటిని వాకిట గ్రుమ్మరించి, ఖాళీపాత్రను భుజముపై నెత్తుకొని పోవుచుండెను. మా తమ్ముడు ఐదేండ్లవాడు. గడపలో నిలిచి చూచుచుండెను. పినతల్లి ఏడువలేదు. పాఱిపోవు నీటికి చేట అడ్డువేసి, చేతికి వచ్చినంత బిందెలోనికి ఎత్తుకొనెను. ఎండనాట ఆ నీరే ముందు తోచినది కాబోలు. గంగాళము మరల రాలేదు. తమ్ముడు పదవ తరగతి చదువునాటికి బాబాయియు లేడు.

కార్ఖానా చూపుట ముగిసిన పిదప సందర్శకులకు చిన్నచిన్న గాజుగ్లాసులలో విస్కీ పోసి యిచ్చిరి. మేము వలదంటిమి. తమ్ముడు కారు నడుపవలసినవాడు. వాని గ్లాసు అటులే బల్లపై నుండెను. మేము చాలసేపు తటపటాయించి, "ఎప్పుడైనను త్రాగితివా, నాయనా?" యని అడిగితిమి. "ఒక్కసారి, స్నేహితుల బలవంతమున. గ్లాసు నోటికడకు తెచ్చుకొనగానే నాయన చొక్కావాసన వచ్చినది. దింపివేసితిని. ఈ బాన చూచిననాడు మాత్రము ఒంటరిగా ఏడ్చితిని. మనవారు ఎవరైనను వచ్చినప్పుడు చూపవలె ననుకొంటిని" అనెను. మావారు లేచి వాని భుజముపై చేయి వేసిరి. ఎవరును మాటలాడలేదు.

ఆ కార్ఖానాలో కాచువాని పని చూపిరి, పీపాలు చేయువాని పని చూపిరి, సుంకపు అధికారుల కథలు చెప్పిరి. త్రాగినవాని ఇంట ఎదురుచూచిన ఇల్లాలి ఊసు మాత్రము ఎచ్చటను లేదు. ఆ దేశమున అట్టి యిల్లాండ్రు లేకపోయిరా యని అడుగబుద్ధి యయ్యెను. దారి చూపిన పిల్ల చిన్నది, ఆమెను నొప్పింప నేల యని యూరకుంటిమి.

ప్రత్యుత్తరము మఱునాడు కార్కు నగరపు నడివీథిలో దొరకినది. అచ్చట ఫాదరు మాథ్యూ అను సన్న్యాసి విగ్రహము కలదు, 1864లో నిలిపినది. ఆయన 1838 ఏప్రిలున ఆ యూరనే మద్యము ముట్టనని ఒట్టు పెట్టుకొని, ఇతరులచేతను పెట్టించెను. కొద్ది యేండ్లలో లక్షలాది జనులు ఆయన యెదుట ఒట్టు పెట్టుకొనిరి. తేది చదివి మావారు, "సరిగా నూఱేండ్లకు మన కడప" అనిరి. నిజమే. రాజాజీగారి ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము మొదలిడి, 1938 అక్టోబరున కడప, చిత్తూరు జిల్లాలకు వ్యాపింపజేసినది. యుద్ధకాలమున అది ఆగిపోయినది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట మరల వచ్చినది, పిదప మరల పోయినది. వచ్చుటయు పోవుటయు మన యెఱుకలోనివే. 1992లో మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించినది ఏ చట్టమును చూచి కాదు. రాత్రిబడిలో అక్షరములు నేర్చుచు, త్రాగుడు వలన కూలిన సంసారపు కథను పాఠముగా చదివి, "ఇది మన కథయే" యని లేచిరి. చదువు వచ్చిన మన మీ సంగతి మఱవరాదు.

మిడిల్టనులో పాతబాన చల్లారినది నిజమే. కాని గోడ కావల క్రొత్తబానలు మండుచునే యున్నవి. చల్లారిన బానను చూచి, కథ ముగిసినదని మేము భ్రమపడలేదు. ఒక దేశమువారు బానను దాచుకొనిరి. మనము దాచుకొనవలసినది మన పినతల్లుల మాట యని మాత్రము తోచినది.

తిరిగివచ్చిన తరువాత పినతల్లిని చూడబోతిమి. వాకిట కొడుకు కొనిపెట్టిన ప్లాస్టికు డ్రమ్ము నీటితో నిండియున్నది. చరవాణిలో బాన చిత్రమును చూపితిమి. ఆమె కన్నులకు దగ్గఱగా పట్టుకొని చాలసేపు చూచి, "ఇంత రాగికి ఎన్ని ఇండ్ల గంగాళములు కరగించిరో!" అనెను. పిదప, "వాడు వేళకు తినుచున్నాడా?" యని యడిగెను. తినుచున్నాడంటిమి. "చాలును" అని లేచి, మాకు మంచినీళ్ళు తెచ్చుటకు లోనికి పోయెను.