అన్నిటికీ గర్మీయేనా?

మా ఇళ్లల్లో నోటికి ఏమైనా ఒకటే మాట: "గర్మీ హుయీ". నాలుక మీద పుండు లేచినా గర్మీ, పెదవి మూల చీలినా గర్మీ, చిగుళ్లు వాచినా గర్మీ. తెలుగులో 'నోరు పూసింది' అంటారు, మనం 'మూ ఆగయా' అంటాం. ఉర్దూ మీడియం బడి నుంచి వెళ్లి డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు ఈ రెండు మాటలూ నాకు భలే వింతగా ఉండేవి. ఒక జబాన్‌లో నోరు పూస్తుంది, ఇంకో జబాన్‌లో నోరు వస్తుంది. ఎందుకు పూసిందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం రెండు మాటల్లోనూ లేదు.

దాదీమా దగ్గర ఇలాజ్ తయారుగా ఉండేది. పుండు మీద కత్థా, పొద్దున ఒక చెంచా గుల్‌ఖంద్, ఫిట్కరీ నీళ్లతో పుక్కిలింత. మామూలు నోటిపుండు వారం, పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో తనంతట తానే మానుతుంది. పేరు గుల్‌ఖంద్‌కి పోతుంది. అందులో పెద్ద నష్టమేం లేదు. పుండు మానకపోయినా, మళ్లీ మళ్లీ వస్తున్నా ఇంకా గర్మీ అనుకుంటూ కూర్చోవడంతోనే నష్టం.

మళ్లీ మళ్లీ వచ్చే పుండ్ల వెనుక చాలాసార్లు ఐరన్, బీ12, ఫోలిక్ యాసిడ్ తక్కువ కావడం ఉంటుంది. దస్తర్‌ఖాన్ మీద మగవాళ్లు, పిల్లలు తిన్నాక మిగిలింది తినే అమ్మీలకు 'గర్మీ' అంటే చాలాసార్లు ఖూన్ కీ కమీ. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది. కొందరికి అరిగి మొనదేలిన పన్ను చెంపకు గీరుకుని పుండవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, రాత్రి కట్టుడుపళ్లు తీయకుండా పడుకునేవాళ్లకు, ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించని ఆస్తమా వాళ్లకు ఫంగస్ పట్టి నోరంతా ఎర్రబడి మండుతుంది, తెల్లటి పొర కూడా కట్టొచ్చు. దానికి గుల్‌ఖంద్ పెడితే, అందులో ఉన్నదంతా చక్కెరే కదా, ఇంకా ముదురుతుంది. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని బ్రష్ మానేసేవాళ్లు మా మొహల్లాలోనే ఎందరో. నిజానికి పళ్ల మొదట్లో పేరుకున్న పాచి వల్లే ఆ చిగుళ్లు వాస్తాయి. దాన్ని శుభ్రం చేయించుకుని, మెత్తటి బ్రష్‌తోనో మిస్వాక్‌తోనో రోజూ తోముకోవాలి. రోజాలో కూడా హనఫీ మస్లక్ ప్రకారం రోజంతా మిస్వాక్ చేయొచ్చు కాబట్టి రంజాన్ అడ్డం కాదు.

నేను అసలు రాయాలనుకున్నది సుపారీ గురించి.

మా ఖాలా కొడుక్కి ఇరవై తొమ్మిదేళ్లు. రెండేళ్ల కింద ఒక వలీమాలో వాడు మిర్చీ కా సాలన్ పక్కకు నెట్టేసి, దహీ కీ చట్నీ, ఖుబానీ కా మీఠా మాత్రమే తినడం చూశాను. కజిన్లంతా "నవాబ్ సాబ్‌కు కారం పడదట" అని నవ్వారు. "ఏంరా?" అంటే, "కుఛ్ నై భాయ్, గర్మీ" అన్నాడు. బిర్యానీ నివాలా కూడా చిన్నగా చేసి, పెదవుల మధ్య నుంచి తోసుకుంటున్నాడు. నోరు తెరుచుకోవట్లేదు.

డాక్టర్ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టమన్నాడు. మామూలు మనిషికి పడతాయి, చదువుతూ మీరూ పెట్టి చూసుకోండి. వాడికి ఒకటిన్నర పట్టింది. చెంపల లోపల పాలిపోయి, వేలితో తాకితే తాడులా గట్టిగా ఉంది. జబ్బు పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. బడిలో ఉన్నప్పుడు మీఠీ సుపారీతో మొదలు. తర్వాత గుట్కా. గుట్కా మీద నిషేధం వచ్చాక పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం విడిగా కొని అరచేతిలో కలుపుకునేవాడు.

1952లో స్క్వార్ట్జ్ అనే వైద్యుడు ఈ జబ్బు గురించి రాసింది కెన్యాలో ఉండే అయిదుగురు భారతీయ ఆడవాళ్లను చూసి. మగవాళ్ల షౌక్ అనుకునేవాళ్లు, పాన్‌దాన్ దగ్గర కూర్చునే మన ఖాలాలూ ఫూఫీలూ ఇది గుర్తుపెట్టుకోవాలి. మొదట్లో వైద్యులు కూడా మిరపకాయనే అనుమానించారు, అచ్చం మన గర్మీ లెక్కన. తర్వాత దోషి సుపారీ అని తేలింది. అందులోని అరెకోలిన్ అనే పదార్థం చెంపలోపలి పొర కింద నారలాంటి కణజాలాన్ని అదేపనిగా పెంచుతుంది. మొదట మంట, తర్వాత బిగువు. "జర్దా లేదు, సాదా సుపారీయే" అనేది బహానా మాత్రమే. పొగాకు కలవకపోయినా సుపారీ కేన్సర్ కారకమేనని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం ప్రకటించింది.

ఇలాజ్ ఉంది, కానీ బిగిసిన నోరు మళ్లీ ముందులా కాదు. మొదటి దవా సుపారీ పూర్తిగా మానడం. తర్వాత చెంపల్లో స్టెరాయిడ్, గట్టిపడ్డ పొరను మెత్తబరిచే హయాలురోనిడేజ్ ఇంజెక్షన్లు, విటమిన్లు, రోజూ నోరు తెరిచే కసరత్తు. పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పెడతారు, కొన్ని రోజులకు ఒక పుల్ల పెంచుతారు. బాగా ముదిరితే ఆపరేషన్. కొందరిలో ఇది కేన్సర్‌గా మారుతుంది కాబట్టి మంట తగ్గినా జిందగీ భర్ చూపించుకుంటూ ఉండాలి. రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, గడ్డ, బిగుసుకుంటున్న నోరు, వీటిలో ఏది కనిపించినా మెడికల్ షాపులో బీ కాంప్లెక్స్ అడగడం ఆపి పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో అయితే అఫ్జల్‌గంజ్‌లో సర్కారీ డెంటల్ కాలేజీ దవాఖానా ఉంది.

వాడికి ఇప్పుడు రెండు వేళ్లు పడుతున్నాయి. సాలన్ ఇంకా తినలేడు. పుల్లల లెక్క ఖాలా క్యాలెండర్ మీద రాస్తుంది.

మన దావత్‌ల తష్తరీ సంగతి కూడా చెప్పాలి. తిన్నాక పిల్లలు గుప్పిళ్లతో ఎత్తుకుపోయే రంగురంగుల మీఠీ సుపారీని ఎవరూ ఆదత్ అనుకోరు, తెహ్జీబ్ అనుకుంటారు. మొన్న ఖాలా ఇంట్లో మనవరాలి అఖీఖా జరిగింది. తష్తరీలో సౌంఫ్, మిశ్రీ, ఇలాయిచీ పెట్టారు. ఒక పెద్దాయన "సుపారీ నహీఁ హై క్యా?" అని అడిగారు. "నై భాయ్‌సాబ్" అని ఖాలా సౌంఫ్ గిన్నె ఆయన ముందుకు జరిపింది.