పాలకొల్లు మాండొలిన్... మా పెదనాన్న ఫిడేలు

పాలకొల్లు అనగానే సినిమా అభిమానులకి ముందు గుర్తొచ్చేది అల్లు రామలింగయ్యగారు, తర్వాత దాసరి నారాయణరావుగారు, ఆ తర్వాత కోడి రామకృష్ణగారు. ముగ్గురూ మా వూరివాళ్లే! మా చిన్నతనంలో సగంమంది కుర్రాళ్లు మద్రాసు రైలెక్కే కలలు కనేవారు. నా కల అంత పెద్దది కాదు లెండి. పెళ్లిపందిట్లో ఆర్కెస్ట్రా స్టేజీ మీద కీబోర్డు ముందు నిలబడితే చాలు.

ఆ చిన్న కలే మా యింట్లో కొంప ముంచింది.

మా పెదనాన్న ఫిడేలు మేష్టారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫొటోకి దణ్ణం పెట్టుకుంటే గానీ కమాను ముట్టుకునేవారు కాదు. నాకు సరళీస్వరాల దగ్గర్నించి వర్ణాల దాకా ఆయనే నేర్పారు. పదిహేడో యేట నేనేం చేశానంటే, ఆయన కొనిచ్చిన ఫిడేలు అమ్మేసి, పైన కాస్త అప్పు చేసి, సెకండ్‌హ్యాండు కేసియో కొన్నాను.

"కరెంటు పోతే ఏం వాయిస్తావురా?" అన్నారు.

నేనూరుకోవచ్చు కదా! "ఫిడేలు మాత్రం మనదేంటండీ? దొరల దగ్గర్నించి బాలుస్వామి దీక్షితులుగారు నేర్చుకోబట్టే గదా మనకొచ్చింది?" అన్నాను. ఆ చరిత్ర నాకు చెప్పింది కూడా ఆయనే. ఆ రోజు నుంచి నాలుగేళ్లు నాతో మాట లేదు. ఎదురుపడితే కండువా సర్దుకుని పక్కసందులోకి తిరిగిపోయేవారు. నరసాపురంలో ఒక పెళ్లిలో సరిగ్గా చరణం మధ్యలో కరెంటు పోయి, జనం ఈలలు వేస్తుంటే, ఆయన మాటే చెవిలో గింగురుమంది.

కరెంటు వాయిద్యమంటే పడని పెదనాన్న ఒక్క మనిషి విషయంలో మాత్రం యిరుకున పడేవారు. ఆ మనిషి మాండొలిన్ శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పుట్టింది మా పాలకొల్లులోనే మరి! తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. యింట్లో వున్న మాండొలిన్ ఆరేళ్ల పిల్లాడు తీసి మీటడం మొదలెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ రాదు! ఆయన పాడేవారు, వీడు వాయించేవాడు. నోటిపాట తిన్నగా తీగ మీదకి దిగిందన్నమాట. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అప్పటికి వయసు పద్నాలుగు!

మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. మీటిన స్వరం టింగుమని క్షణంలో చచ్చిపోతుంది. మన పాటకి కావలసిన గమకం దాని మీద నిలవదు. అంచేత శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. తీగ లాగితే స్వరం సాగింది. పెదనాన్న దీన్ని ఒప్పుకోలేరు, కాదనలేరు. "పిల్లాడు విద్వాంసుడే... ఆ తీగే..." అని ఆగిపోయేవారు.

1996లో హైదరాబాదులో వున్న నా స్నేహితుడొకడు ఒక క్యాసెట్టు ఎక్కించి పంపాడు. పైన 'డ్రీమ్' అని రాసుంది. అంతకు ముందు యేడు, 1995లో, యింగ్లండులోని పీటర్ గాబ్రియేల్ కంపెనీ రియల్ వరల్డ్ విడుదల చేసిన ఆల్బమ్ అది. (దేశమంతా 'దిల్‌వాలే దుల్హనియా'లో షారుఖ్ చేతిలో మాండొలిన్ చూసి మురిసింది కూడా ఆ 1995లోనే. మా వూరి మాండొలిన్ సంగతి ఎంతమందికి తెలుసో!) శ్రీనివాస్‌కి జంట మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టు. యిద్దరి వెనక నైజెల్ కెనెడీ ఫిడేలు, కరోలిన్ లవెల్ చెల్లో, జేన్ సిబెరీ గొంతు.

ఈ బ్రూక్ 'యిన్ఫినిట్ గిటార్' అని ఒకటి తయారుచేశాడు. తీగ కదలికని కరెంటుగా పట్టుకుని, పెంచి, మళ్లీ ఆ తీగ మీదకే తోస్తుంది. దాంతో స్వరం ఆగమన్నదాకా ఆగదు. యూటూ వాళ్ల 'విత్ ఆర్ వితౌట్ యూ' విన్నవాళ్లకి ఆ నాదం తెలుసు. పాలకొల్లు పిల్లాడికీ టొరాంటో దొరకీ పట్టుకున్న దిగులు ఒకటే చూడండి, మీటిన స్వరం చచ్చిపోతోందని!

నేను వరండాలో టేపు పెట్టాను. గోడవతల పెదనాన్న యిల్లు. కాసేపటికి గేటు చప్పుడైంది. వచ్చి, నావంక చూడకుండా అరుగు మీద కూర్చున్నారు.

"ఆ సాగుతున్నదేంటి? కమానా?"

"కాదండి. గిటారు. కరెంటుదండి."

మాట్లాడలేదు. టేపు రెండోవైపు తిప్పాను. "ఆవిడెవరో పాడుతోంది గానీ మాట వినపడదేం?" అన్నారు. యింకాసేపాగి, "దొర తంబూరా పని చేస్తున్నాడ్రా. మనవాడు దాన్నొదిలి ఎక్కడికీ పోలేదు" అన్నారు.

అంతా అద్భుతమని నేననను. కొన్నిచోట్ల ఆ యంత్రాల మంచులో మాండొలిన్ కనపడకుండా పోతుంది. 2000 ప్రాంతాల్లో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో అతను వాయించిందే నాకు యెక్కువిష్టం. అయినా ఆ సాయంత్రం తెచ్చింది 'డ్రీమ్' క్యాసెట్టే.

"నీ డబ్బా పట్రా. శ్రుతి ఆగకుండా పెట్టగలదా?"

కేసియోలో సా, పా మీటల సందున అగ్గిపుల్లలు దోపాను. ఆయన ఫిడేలు తెచ్చుకుని మోహన అందుకున్నారు. పావుగంట కాలేదు, కరెంటు పోయింది! నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన కమాను ఆపకుండానే, "చూస్తావేం? నోటితో పట్టు" అన్నారు. చీకట్లో సా పట్టుకుని కూర్చున్నాను.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ పోయాడు. నలభై అయిదేళ్లు! వార్త చెప్పడానికి వెళితే పెదనాన్న ఆ క్యాసెట్టే అడిగారు. టేపు ఎప్పుడో నలిగిపోయింది. ఫోనులో వెతికి పెట్టాను. అప్పుడూ కరెంటు లేదు, వీధంతా చీకటి. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "యిది ఆగదేం?" అన్నారు.

"బ్యాటరీ వుందండి."

"అయితే వుంచు" అన్నారు.