గ్రహణం విడిచిన వేళ

మాతృభాషను మనం ఎంచుకోము. తల్లి ఒడిలో ఉండగానే అది మన నాలుకపైకి చేరుతుంది. మతవిశ్వాసం కూడా అటువంటిదేనా? లేక కన్నులతో చూచి, బుద్ధితో తర్కించి మనం దానిని సంపాదించుకొంటామా? అదీ కాక, ఈ రెండింటికీ లొంగని అంతరంగ నిశ్చయమా? ఈ ప్రశ్నలు నా మనస్సులో మొలకెత్తినది ఏ గ్రంథాలయంలోనో కాదు. పదహారేళ్ల వయస్సులో, మా ఇంటి పెరటిలో, పట్టపగలు చీకటి పడిన రెండు నిమిషాలలో.

అది 1980 ఫిబ్రవరి 16, శనివారం. మాఘ బహుళ అమావాస్య. శివరాత్రి జాగరణ అలసట ఊరివారికి ఇంకా తీరనే లేదు. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటి తీరం నుండి రాయచూరు, నల్గొండ, ఖమ్మం ప్రాంతాల మీదుగా ఒరిస్సా తీరానికి సాగింది. నల్గొండకు సమీపంలోని మా గ్రామం ఆ దారిలోనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు ఆ అపురూప దృశ్యం కోసం సిద్ధమవుతుండగా, మా ఊరు తలుపులు మూసుకొనడానికి సిద్ధమయింది.

మా నాయనమ్మ ఉదయం నుండే ఊరగాయ జాడీలపైనా, నీళ్ల బిందెలపైనా గరికపోచలు వేసింది. పట్టు స్నానానికీ విడుపు స్నానానికీ నీళ్లు తోడించింది. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, దాని నడుమ రోకలిని నిలువుగా నిలబెట్టింది. గ్రహణం పట్టినంతసేపూ రోకలి పడిపోదని, విడిచిన క్షణాన ఒరిగిపోతుందని ఆమె చెప్పేది. “నమ్మకం కాదు బిడ్డా, నా కళ్లతో చూసిన” అనేది. ప్రత్యక్ష ప్రమాణం శాస్త్రం చదివినవారి సొత్తని భావించే నాకు, ఆమె కూడా ప్రమాణాన్ని చూపుతున్నదన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఆమె భయమంతా మా అక్క గూర్చి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అక్కకు అప్పుడు ఏడవ నెల. గర్భిణి గ్రహణం చూస్తే పుట్టే బిడ్డకు గ్రహణపు మొర్రి వస్తుందని మావైపు అందరూ నమ్మేవారు. ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చీలిన పెదవికి తెలుగు భాష పెట్టిన పేరులోనే కారణం కూడా చేరిపోయింది. ఆ మాట నేర్చిన పసివాడు దానితోపాటే ఆ నమ్మకాన్ని కూడా నేర్చుకొంటాడు. పెంపకం మనలో విశ్వాసాన్ని నాటే విధం అదే. అది వాదించదు. పేరు పెట్టి ఊరకుంటుంది.

నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. భౌతికశాస్త్రం బోధించే మా అధ్యాపకుడు అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి, సూర్యుని ప్రతిబింబాన్ని తెల్లకాగితంపై పడవేసి చూడటం నేర్పారు. సూర్యుణ్ణి నేరుగా చూడరాదని పదేపదే హెచ్చరించారు. సా.శ. 499 నాటికే ఆర్యభటుడు చంద్రుడు సూర్యుణ్ణి కప్పడం వలన సూర్యగ్రహణం, భూమి నీడ చంద్రునిపై పడటం వలన చంద్రగ్రహణం కలుగుతాయని చెప్పిన సంగతి వివరించారు. నాయనమ్మ నమ్మిన పంచాంగం కూడా గ్రహణ సమయాన్ని లెక్క కట్టే చెప్పింది. ఆ గణితంలో రాహుకేతువులు మ్రింగే పాములు కారు. చంద్రుని దారి సూర్యుని దారిని ఖండించే బిందువులు.

ఈ జ్ఞానం నాకు వివేకాన్ని ఇచ్చిందో లేదో కాని, గర్వాన్ని మాత్రం ఇచ్చింది. మూడున్నర దాటిన తరువాత వెలుగు కాకిరంగుకు తిరిగింది. పక్షులు గూళ్లకు మళ్లాయి. నేను గదిలోకి పోయి, “అక్కా, జన్మలో మళ్లీ చూడలేవు, రా!” అని అక్క చేయి పట్టుకొన్నాను. “వద్దురా” అంది. నేను విడువలేదు. చివరకు ఆమె పెరటిలోకి వచ్చింది. సూర్యుడు పూర్తిగా మరుగుపడి, నల్లని బింబం చుట్టూ వెండి వెలుగు వికసించింది. అక్క తలెత్తి చూచి, అప్రయత్నంగా చేతులు జోడించింది. నేను వెనుదిరిగి చూచేసరికి గడపలో నాయనమ్మ నిలబడి ఉంది. ఆమె కేకలు వేయలేదు. “లోపలికి రా బిడ్డా” అని మాత్రం అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని తరువాత ఎన్నోమార్లు అనుకొన్నాను.

ఆ సాయంకాలం చెరువుగట్టు మీద నా మిత్రుడు కలిశాడు. వాడు మసీదులో గ్రహణపు నమాజు చేసి వచ్చాడు. ప్రవక్త కుమారుడు ఇబ్రహీం చనిపోయిన రోజున సూర్యగ్రహణం వచ్చిందట. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకొన్నారట. సూర్యచంద్రులు దైవసూచనలని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ప్రవక్త చెప్పి, ప్రార్థన చేయుమన్నారని వాడు వివరించాడు. ఆ తరువాత ఉన్నట్టుండి, “సూర్యుడు ఒక్కడే కదా! మీ ఇంట్లో గరిక, మా ఇంట్లో నమాజు. నేను మీ ఇంట్లో పుట్టి, నువ్వు మా ఇంట్లో పుట్టి ఉంటేనో?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. వాడి దగ్గరా లేదు. ఇద్దరం నీళ్లలోకి రాళ్లు విసురుతూ కూర్చున్నాం.

ఆ ప్రశ్నను తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఒక మహాపండితుడు వేసుకొన్నాడని తరువాత చదివి తెలుసుకొన్నాను. ఆయన పారశీక దేశంలో పుట్టిన అల్ గజాలీ. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లిముల పిల్లలు ముస్లిములుగా పెరగడం గమనించి, తనకు వారసత్వంగా వచ్చిన విశ్వాసాన్ని ఆయన శంకించాడు. ఇంద్రియాలు మోసగిస్తాయి, బుద్ధి కూడా తడబడుతుంది అనే సందేహాలలో పడి నలిగిపోయాడు. 1095లో బాగ్దాదులోని గొప్ప ఆచార్య పదవిని విడిచి దేశాంతరం వెళ్లాడు. చివరకు సూఫీ సాధనలో శాంతి పొందాడు. అయితే ఆయన చేరుకొన్నది తాను పుట్టిన మతంలోని ఇంటికే. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినవాడు ప్రయాణం చేయనట్లా? కాదని నా అభిప్రాయం. తండ్రి ఇచ్చిన పొలమైనా, దున్నుకొన్ననాడే అది మనదవుతుంది.

ఏప్రిల్ నెలలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. ముద్దుల మూట. పెదవి గులాబి రేకులా ఉంది. నేను విజయగర్వంతో నాయనమ్మ దగ్గరకు పరుగెత్తి, “చూశావా! గ్రహణం ఏం చేసింది?” అన్నాను. ఆమె పసిదాని పెదవిని వేలితో తడిమి, కన్నీరు తుడుచుకొని, “ఆ దేవుడే కాపాడిండు బిడ్డా” అంది. అప్పుడే అమ్మ చెప్పగా తెలిసింది. ఆ రెండు నెలలూ నాయనమ్మ ప్రతి సోమవారం ఉపవాసం ఉంది. అక్కను ఒక్క మాట అనలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తన భయాన్ని మా ఎవ్వరికీ పంచకుండా తానే మోసింది.

పసిపాప పెదవి ఒక్కటే. దానిని నేను ‘గ్రహణం హాని చేయదు’ అనడానికి నిదర్శనంగా చదివాను. ఆమె ‘దేవుడు దయామయుడు’ అనడానికి నిదర్శనంగా చదివింది. అంతకన్నా నన్ను కలవరపరచిన ఆలోచన మరొకటి ఉంది. ఒకవేళ ఆ పాప మొర్రితో పుట్టి ఉంటే? నేను చదివిన భౌతికశాస్త్రం ఆ క్షణాన నన్ను నిలబెట్టేదా? లేదు. జీవితాంతం నన్ను నేను దోషిగా ఎంచుకొనేవాణ్ణి. అంటే నేను చేసినది ప్రయోగం కాదు, జూదం. అది కూడా నా ప్రాణాన్ని కాదు, అక్క మనశ్శాంతిని ఒడ్డి ఆడిన జూదం. ఒక్క సంఘటనను పట్టుకొని నిజం తేల్చాలనుకోవడంలో నాకూ నాయనమ్మకూ భేదం లేదు. మామూలు రోజున అదే పళ్లెంలో అదే రోకలిని జాగ్రత్తగా నిలబెట్టి చూచాను. నిలబడింది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలుస్తుంది. గ్రహణం నాడు మాత్రమే కాక, గ్రహణం లేని నాడు కూడా పరీక్షించాలనే బుద్ధి కలిగినప్పుడే నిదర్శనం నిదర్శనమవుతుంది.

1987 వేసవిలో మా వీధిలో ఒక ఇల్లాలికి పెదవి చీలిన మగబిడ్డ పుట్టాడు. అంతకు ముందటి అక్టోబరులో చంద్రగ్రహణం పట్టిన రాత్రి ఆమె వాకిట్లోకి వచ్చిందని అత్తవారు గుర్తు చేసుకొన్నారు. బాలింత అని కూడా చూడక నిందించారు. ఆమె అన్నం ముట్టక, బిడ్డ ముఖం చూడలేక గోడవైపు తిరిగి పడుకొన్నదని విన్నాము. అప్పటికి నేను డిగ్రీ ముగించాను. పట్టణంలోని ఒక వైద్యుణ్ణి అడిగి తెలుసుకొన్నాను. గర్భంలో శిశువు పెదవి నాలుగు నుండి ఏడు వారాల మధ్యనే రూపుదిద్దుకొంటుంది. ఆ వేళలో రెండు వైపుల కణజాలం కలియకపోతే చీలిక మిగులుతుంది. వంశపారంపర్య లక్షణాలు, తల్లి ఆరోగ్య పరిస్థితులు వంటివి దానికి దోహదం చేయవచ్చును. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. శస్త్రచికిత్సతో సరిచేయవచ్చును. ఆ గ్రహణం నాటికి ఆమెకు మూడు నెలలు దాటాయి. అప్పటికే ఆ పెదవి రూపొందడం ముగిసిపోయింది. ఏడవ నెలలో గ్రహణం చూచిన మా అక్క విషయంలోనూ అంతే. నా గెలుపు కూడా గెలుపు కాదన్నమాట.

ఈ సంగతి నాయనమ్మకు చెప్పాను. ఈసారి గర్వంతో కాదు, నెమ్మదిగా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “అయితే ఆ పిల్ల తప్పేం లేదా?” అని ఒకటికి రెండుసార్లు అడిగింది. తరువాత చేతికర్ర తీసుకొని లేచింది. ఎనభై ఏళ్లు దాటిన మనిషి ఎండలో ఆ ఇంటికి నడిచి వెళ్లింది. అందరి ఎదుట ఆ బాలింత తలపై చేయి వేసి, “నీ తప్పు లేదు బిడ్డా. మేమే తెలియక అన్నాం. లేచి అన్నం తిను” అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే ఎవరూ వినేవారు కారు. గరికపోచలు వేసే ముసలమ్మ చెప్పింది కనుక విన్నారు. కొన్ని నెలల తరువాత ఆ బిడ్డకు పట్టణంలో శస్త్రచికిత్స జరిగింది.

ఆ సాయంకాలం నాయనమ్మ ఎప్పటివలెనే తులసికోట వద్ద దీపం పెట్టింది. ఎనభై ఏళ్ల నమ్మకాన్ని ఒక్క మధ్యాహ్నంలో విడిచిపెట్టగలిగిన మనిషి దీపాన్ని మాత్రం విడువలేదు. రెండూ ఒకటి కావని ఆమె ఎవరూ చెప్పకుండానే గ్రహించింది. లోకంలో ఏది ఎందువలన జరుగుతుందో చెప్పే నమ్మకం ఒకటి. దానికి నిదర్శనమే న్యాయాధిపతి. ఎట్లా బ్రతకాలో, దుఃఖంలో దేనిని పట్టుకొని నిలవాలో చెప్పే విశ్వాసం మరొకటి. దానిని ఏ దుర్భిణితోనూ నిరూపించలేము, కాదనలేము. అది ఎవరికి వారు తేల్చుకొనవలసినది.

అట్లా తేల్చుకొన్నవారందరూ ఒకే చోటికి చేరుకోరు. సనాతన కుటుంబంలో పుట్టి, వృక్షశాస్త్ర అధ్యాపకుడై, నాస్తికుడైన గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. అనుక్షణం దైవాన్ని స్మరించే గాంధీజీతో ఆయన సుదీర్ఘంగా చర్చించారు. ఒకరు మరొకరిని మార్చలేదు. కాని గోరా కుమార్తెకు దళిత యువకునితో సేవాగ్రాం ఆశ్రమంలో వివాహం జరిపించడానికి గాంధీజీ అంగీకరించారు. ఆ వివాహ విధిలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు ఉంచడానికి సమ్మతించారు. ఆయన మరణానంతరం 1948 మార్చి 13న ఆ పెండ్లి అక్కడే జరిగింది. దేవుని విషయంలో ఏకీభవించని ఇద్దరు అంటరానితనం విషయంలో ఏకమయ్యారు.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. ఆనాటి గులాబి పెదవుల పసిపాప ఇప్పుడు నడివయస్కురాలు. ఆమె కూతురు నాతోపాటు మేడ మీద కూర్చుని రాగిరంగు చంద్రుణ్ణి చూస్తూ, “తాతయ్యా, నువ్వు దేవుణ్ణి నమ్ముతావా?” అని అడిగింది. ఒక్క మాటలో చెప్పలేక, ఈ కథ అంతా చెప్పాను. చివర ఇట్లా అన్నాను: “నా సంగతి ఇంకా తేలలేదమ్మా. నీవు దేనిని నమ్మినా, అది నీకు ఎవరి వలన వచ్చిందో గుర్తుంచుకో. పరీక్షకు నిలిచేదయితే పరీక్షించు. తప్పని తేలిననాడు చేతికర్ర తీసుకొని ఆ ఇంటికి నడిచి వెళ్లు.”

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “ముత్తవ్వ పెట్టిన దీపం ఇప్పుడు ఎవరు పెడుతున్నారు?” అంది. మా అక్క పెడుతున్నదని చెప్పాను. అప్పటికి గ్రహణం విడుస్తున్నది.