సహానుభూతి: ఆలస్యంగా తెలిసిన అర్థం



మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పాను. 'సహానుభూతి' అన్న మాట వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద సహ + అనుభూతి అని విడదీసి, సవర్ణదీర్ఘ సంధి అని రాసి, అర్థం మాత్రం 'జాలి' అని చెప్పి ముందుకు సాగేవాణ్ణి. సంధి సరిగానే విడదీశాను, అర్థమే తప్పు చెప్పాను. ఆ తప్పు దిద్దినవాడు పండితుడు కాడు, రేడియోలు బాగుచేసుకునే ఒక యువకుడు. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ టపా.

1994లో నెల్లూరు తీరాన ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఒక బాలుడుండేవాడు. తండ్రి సముద్రం మీద వేటకు పోయేవాడు. పసితనంలో పోలియో సోకి ఈ బాలుడి కుడికాలు సన్నబడింది. చేత్తో మోకాలిని అదిమిపట్టి అడుగు వేసేవాడు. ఏదో శిబిరంలో ఇచ్చిన కాలిపర్ ఇంట్లో మూలన పడి ఉండేది. వేసుకుంటే ఆ ఇనుప చప్పుడుకు తోటి పిల్లలు నవ్వుతారని వాడి బాధ.

వాడి మీద నాకు ఎనలేని దయ. డ్రిల్లు నుంచి తప్పించాను. విహారయాత్రకు పేరు రాసుకోలేదు, "నీకెందుకు నాయనా శ్రమ" అన్నాను. ధైర్యం చెప్పవలసి వచ్చినప్పుడు భారతంలోని అష్టావక్రుని కథ ఎత్తుకొనేవాణ్ణి. వంకరలు తిరిగిన దేహంతో జనకుని సభకు వెళ్లి వందిని వాదంలో ఓడించిన వైనం రసవత్తరంగా వర్ణించేవాణ్ణి. ఒకనాడు వాడు లేచి, "అష్టావక్రుడు మన నెల్లూరు బస్సు ఎట్టా ఎక్కుంటాడు అయ్యవారూ?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. అది పరిహాసం కాదనీ, వాడికి నిజంగా కావలసిన జవాబనీ నాకు తట్టలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు.

రోడ్డు కూడలిలో రేడియోలు బాగుచేసే ఒక యువకుడి చిన్న బంకు ఉండేది. అతనివి రెండు కాళ్లూ పోలియో కాళ్లే, చంకకర్రల మీద నడిచేవాడు. బడి మానిన బాలుడు అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి ఇద్దరూ బంకు వెనుక ఇసుకలో ఉన్నారు. యువకుడు కావాలనే పడుతున్నాడు, వీడు చూస్తున్నాడు.

"నడిస్తే పడతావు రా అబ్బయ్యా. ముందు పడేది నేర్చుకో. పడబోతావుండావని తెలిస్తే కర్రను పట్టుకొని వేలాడమాక, పక్కకు విసిరెయ్. లేకుంటే దాని మీదే పడతావు. చేతులు బిగదీయమాక, మోచేతులు మడువు."

అంతలో నా వైపు తిరిగి అన్నాడు: "మీరు వీడిని పడనీలేదు అయ్యవారూ. ఇంక లేచేది ఎట్టా వస్తాది?"

నాకు సమాధానం దొరకలేదు.

కాలిపర్ చప్పుడు సంగతీ అతనే తేల్చాడు. ఉప్పుగాలికి కీలు తుప్పు పట్టింది. నూనె పోసి, తోలుపట్టీ ఒరుసుకోకుండా లోపల మెత్తటి పాతగుడ్డ పెట్టాడు. చప్పుడు చాలావరకు తగ్గింది. నేను ఓదార్చిన దుఃఖంలో సగం నూనెచుక్కతో పోయేదని నాకేం తెలుసు? బస్సు ప్రశ్నకూ జవాబు అక్కడే దొరికింది: "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు." మరుసటి జూన్‌లో వాడు కాలిపర్ వేసుకొని బడికి వచ్చాడు.

"ధైర్యంగా ఉండు" అన్న మాట మేమిద్దరమూ చెప్పాం. నా మాట వెనుక పురాణముంది, అతని మోచేతుల మీద మచ్చలున్నాయి. పైగా అతను సంపాదిస్తున్నాడు, బాకీ ఎగ్గొట్టినవాళ్లతో గొంతెత్తి పోట్లాడుతున్నాడు. తన కాళ్లవంటి కాళ్లతో ఒక మనిషి నిండుగా బతకడం ఆ బాలుడు కళ్లారా చూశాడు.

ఇది మన ఊరి కథ మాత్రమే కాదు. పోలియోతో మెడకింది భాగం దాదాపు చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. తర్వాత తనవంటి మరికొందరు విద్యార్థులు తోడయ్యారు. వారి కలయిక నుంచే 1972లో అక్కడ స్వతంత్ర జీవన కేంద్రం పుట్టింది. వైకల్యం ఉన్నవారే వైకల్యం ఉన్నవారికి సలహా చెప్పడం దాని మూలసూత్రం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 26వ అధికరణం ఈ తోటివారి తోడ్పాటును పేరెత్తి చెబుతుంది. భారతదేశం 2007లో ఆ ఒడంబడికను ధ్రువీకరించింది. మన రాష్ట్రంలోనూ వెలుగు పథకం కింద వికలాంగులకు విడిగా స్వయం సహాయక సంఘాలు ఏర్పడ్డాయి.

నెల్లూరువారికి ఈ నీతి కొత్త కాదు. దూబగుంట ఆడవాళ్లను సారాపై పోరాటానికి లేపింది పట్నం ఉపన్యాసాలు కాదు. రాత్రిబడిలో ఒకరి బాధ ఒకరు విని, "నా ఇంట్లోనూ ఇదే" అనుకోవడమే వారి బలమైంది. 1993లో సారా నిషేధం దాకా వెళ్లిన బలం అది.

తోటివాడు ఉంటే చాలు, ర్యాంపు అక్కరలేదని నా అభిప్రాయం కాదు. బస్సు మెట్టు ఎత్తు తగ్గించవలసింది ప్రభుత్వమే. కాని మెట్టు తగ్గేదాకా బాల్యం ఆగదు కదా!

ఇప్పుడు మరొక చిక్కు ఉంది. దేశంలో 2011 జనవరి తర్వాత సహజ పోలియో కేసు నమోదు కాలేదు, మహదానందం. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లకో, కండరాలు క్షీణిస్తున్న పిల్లవాడికో ఆ దారిలో ముందు నడిచిన అన్నో అక్కో అదే ఊళ్లో ఉండటం అరుదు. మండలాల్లోని భవిత కేంద్రాలకు నెలకొకసారైనా అటువంటి యువతీయువకులను పిలిపించి, పిల్లల మధ్య కూర్చోబెడితే బాగుంటుంది. ఉపన్యాసం అక్కరలేదు, చొక్కా గుండీ ఎలా పెట్టుకుంటారో చూపితే చాలు. మీకు తెలిసినవారుంటే దయచేసి ఒకరినొకరికి పరిచయం చేయండి.

అష్టావక్రుడు కూడా జనకుని సభకు ఒంటరిగా వెళ్లలేదు. ఈడువాడైన మేనమామ శ్వేతకేతువు వెంట ఉన్నాడు. అన్నేళ్లూ ఆ సంగతి దాటవేసి కథ చెప్పాను.

నిరుడు మైపాడు బస్సు దగ్గర నా పాత శిష్యుడు కనిపించాడు. నాకిప్పుడు ఎడమ మోకాలి నొప్పి, చేతికర్ర వచ్చింది. నమస్కారం పెట్టి, ఒక క్షణం నా నడక చూసి అన్నాడు: "కర్ర కుడిచేత పట్టుకోండి అయ్యవారూ. నొప్పి ఉన్న కాలికి ఎదురు చెయ్యి."

మార్చి పట్టుకున్నాను. నడక తేలికైంది.