రెండు లైట్ల సైకిలు

నడుస్తున్న కోడ్‌ని కెలకొద్దని మా ఫీల్డులో ఒక మాట ఉంది కదా. జూనియర్లకి పదేళ్ళుగా ఆ మాట చెబుతూనే ఉన్నాను. తీరా 2020లో నేనే దాన్ని మర్చిపోయి మా నాయన సైకిలును 'బాగు' చేశాను. ఆ ఘనకార్యం గురించే ఇది.

అప్పుడు కరోనా పుణ్యమా అని బెంగుళూరు నుంచి తిరుపతి చేరి ఇంటి నుంచే పని చేస్తున్నాను. జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయిందని వార్త వచ్చింది. మనసు చివుక్కుమంది. మనలాంటివాళ్ళకి మనసు చివుక్కుమంటే ఏం చేస్తాం? ఒక ప్రాజెక్టు మొదలెడతాం :)

పెరట్లో రేకుల కింద మా నాయన హెర్క్యులిస్ ఉంది. హెర్క్యులిస్ పుట్టింది 1910లో, బర్మింగ్‌హామ్‌లో. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలయ్యాక అది మనింటి బండి అయిపోయింది. అంబత్తూరు మాకు పక్క ఊరి లెక్కే కాబట్టి మా వైపు ఏ ఇంటి ముందు చూసినా హెర్క్యులిసో, బీఎస్సేనో ఉండేది. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, ఎత్తాలంటే నడుం పట్టేసేంత బరువు. నా కంటికి ఆ డిజైన్లో వంక పెట్టడానికేమీ లేదు. వంకంతా దాని మీద మా నాయన తగిలించిన సరంజామాతోనే.

హ్యాండిలుకి రెండు లైట్లు. ఒక అద్దం, అదీ ఎప్పుడూ వంకరగానే. ఒకటి కాదు, రెండు బెల్లులు, ఒక రబ్బరు బుడ్డి హారను. పిడులకి ప్లాస్టిక్ కుచ్చులు, చువ్వలకి రంగు పూసలు, సీటుకి అంచులు వేలాడే వెల్వెట్ కవరు, వెనక మడ్‌గార్డు కింద శంఖుచక్రనామాలు వేయించిన రబ్బరు ఫ్లాపు. ముందు చక్రం మీద ఖాళీ జెండా గొట్టం ఒకటి. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ తిరుపతిలో నిలబడినప్పుడు ఎవరో పసుపు జెండా కట్టారట. మా నాయన గవర్నమెంటు బడిలో అయివారు కాబట్టి జెండా పీకేశాడు, గొట్టం మాత్రం బాగుందని ఉంచేసుకున్నాడు! ఇవి చాలవన్నట్టు హ్యాండిలు మధ్యలో తీగకి గుచ్చిన రేకు బిళ్ళల దండ.

చిన్నప్పుడు ఈ బండి మీద బడికెళ్ళాలంటే నాకు సిగ్గు. పెద్దయ్యాక ఆ సిగ్గుకి 'ఫీచర్ క్రీప్' అని మర్యాదైన పేరు దొరికింది. ఆ రెండు లైట్ల సంగతే చూడండి. టైరుని ఒరుసుకుని తిరిగే డైనమో ఇచ్చేది ఆరు వోల్టుల దగ్గర మూడు వాట్లు. ఒక బల్బుకే అది అంతంతమాత్రం. దాన్ని రెండింటికి పంచితే రెండూ మిణుగురులే. ఏ ఇంజనీరైనా ఒప్పుకుంటాడా?

సరే, పాత కేటలాగు బొమ్మలు దగ్గర పెట్టుకుని రెండు నెలలు కూర్చున్నాను. ఫ్రేముకి నల్ల రంగు వేయించి బంగారు గీతలు గీయించాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలా. అందం కోసం ఒక లైటు మాత్రం ఉంచాను. పీకినవన్నీ గోనెసంచిలో వేసి పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేశాను. వాడు దానికి ముప్పై రూపాయలు ఇచ్చాడు. నేనేమో చెత్త వదిలిందనుకున్నాను.

మా నాయనకి అప్పటికి డెబ్బై ఆరు. వరండాలోకి పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "ఎవురిదిరా ఈ సైకిలు?" అన్నాడు.

"నీదే నాయనా."

"నాది రెండు లైట్లది గదా."

నేను వాట్లూ వోల్టులూ ఎత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. పిల్లకాయలు తప్పు లెక్క చేసినా చివరిదాకా విని అప్పుడు దిద్దే అలవాటు ఆయనది. "వెలుతురు కోసరం కాదబ్బా. రాత్రిపూట చిత్తూరు రోడ్డులో ఒక లైటు కనిపిస్తే సైకిలోడే గదా అని లారీవోడు మీదికొచ్చేస్తాడు. రెండు కనిపిస్తే కారేమో అనుకోని పక్కకి తీస్తాడు" అన్నాడు.

చంద్రగిరి దగ్గర పల్లెలో బడి, తిరుపతిలో ఇల్లు. ఏళ్ళ తరబడి ఆ లారీల రోడ్డు మీదే ఆయన రాకపోకలు. నేను బల్బు ఎంత వెలుగుతోందో లెక్కేశాను, ఆయన అవతలివాడికి ఏం కనిపిస్తుందో లెక్కేశాడు.

అప్పుడు ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాను. నిజానికి పీకకముందు అడగాల్సిన ప్రశ్నలు. రేకు బిళ్ళల దండ అలంకారం కాదు. అప్పట్లో సైకిలుకి పన్ను కడితే మునిసిపాలిటీ ఏటా ఒక బిళ్ళ ఇచ్చేది. కొత్తది వచ్చాక పాతది పారేయకుండా ఆయన అన్నీ దాచుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే వెర్షన్ హిస్టరీ మొత్తం డిలీట్ చేశానన్నమాట. రెండో బెల్లు ముందు బారు మీద ఉండేది, ఆయన చెయ్యి అక్కడికి అందదు. బారు మీద చిన్న సీటులో కూర్చుని దాన్ని మోగించుకుంటూ వెళ్ళింది నేనే. ఆ సంగతి నాకే గుర్తులేదు.

"మరి ఆ వంకర అద్దం? అందులో రోడ్డు కనిపించేదే కాదు గదా?"

"రోడ్డు చూసేదానికి కాదురా అది. మ్యాట్నీ చూసి వస్తా ఉంటే మీయమ్మ వెనక కూర్చోనే కునుకు తీస్తా ఉండె. తల వాలిందంటే ఆపేసి ఏదన్నా చెట్టు కింద కూర్చునేవోళ్ళం."

అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంక నేను ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఇనప సామాన్లవాడి దగ్గరికి పరుగెత్తాను. సరుకు అప్పటికే లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

తర్వాత ఆలోచిస్తే నామీద నాకే నవ్వొచ్చింది. విష్ణువు అలంకారప్రియుడని చెప్పుకునే ఊళ్ళో పుట్టి 'అలంకారం ఎక్కువైంది' అని ఒక సైకిలుని తప్పుపట్టాను! ఆయుధపూజకి బండి కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి నిమ్మకాయలు తొక్కించే వాళ్ళం మనం. గంగజాతరకి మగవాళ్ళు చీరకట్టి వేషాలు వేసే ఊరు మాది. మాకు కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు వాడుకోవడం ఎక్కడిది?

మనకే కాదు, ఎవరికీ లేదనుకుంటా. 1960ల మొదట్లో కాలిఫోర్నియా పిల్లలు తమ సైకిళ్ళకి ఎత్తు హ్యాండిళ్ళు, అరటిపండులాంటి పొడుగు సీట్లు తగిలించుకుంటుంటే చూసి, ష్విన్ కంపెనీ 1963లో స్టింగ్‌రే అనే మోడలే దించింది. యూజర్ల హ్యాకే ప్రోడక్టు అయ్యిందన్నమాట. ఢాకా రిక్షాల మీద సినిమా తారలు, నెమళ్ళు, పువ్వులు సందులేకుండా నింపేసే బొమ్మల కళని 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి రిక్షా ఒకటి నా చేతికి దొరికుంటే బొమ్మలన్నీ గీకేసి శుభ్రంగా నల్లరంగు వేసి ఉండేవాణ్ణేమో!

'ఒరిజినల్' అంటే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్నట్టు అని నేను అనుకున్నాను. ఆ రోజున అలాంటి సైకిళ్ళు అంబత్తూరులో వరసగా ఎన్నో నిలబడి ఉంటాయి, దేనికీ దేనికీ తేడా లేకుండా. అందులో ఒకటి మా నాయనది అయ్యింది ఆ తర్వాతే, ఒక్కో లైటూ, ఒక్కో బెల్లూ చేరేకొద్దీ.

రెండో లైటు మళ్ళీ పెట్టించాను. తిరుపతిలో ఒక పాత సైకిలు షాపులో కుచ్చులూ, చక్రంతో పాటే తిరుగుతూ హబ్బుని తుడిచే రంగుల బ్రష్షూ దొరికాయి. అద్దం కూడా కొత్తది తెచ్చి, ఈసారి మెకానిక్కుతో సరిగ్గా, రోడ్డు కనిపించేలా బిగించాను. రెండు రోజుల తర్వాత చూస్తే అది మళ్ళీ క్యారియర్ వైపు తిరిగి ఉంది. అలాగే వదిలేశాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండో, రేడియోనో, గోడ గడియారమో ఉంటే బాగుచేయండి, వద్దనను. కాకపోతే అర్థంకానిదేదైనా పీకేముందు, దాన్ని పెట్టినవాళ్ళు ఇంకా ఇంట్లో ఉంటే, ఒక్కసారి అడగండి. మన కోడ్‌లో అయితే బ్యాకప్ ఉంటుంది.