తెరమీది వీరుడు, పేరులేని పాలేరు

గడివేములలో పెరిగిన నాకు కొడవలి అంటే జొన్నకోత. తెలుగు తెర మాత్రం సీమ చేతికి వేటకొడవలే యిచ్చింది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) చిత్రాల్లో ముఠాకక్షల నడుమ ఒక్క వీరుడే నిలబడి పదులమందిని మట్టి కరిపిస్తాడు.

ఆ పడిపోయేవాళ్లెవరు? పాలేర్లు, కౌలుదార్లు, పెద్దాయన నీడ తప్ప మరో ఆసరా లేనివాళ్లు. తెరమీద వాళ్లకు పేరు లేదు, ఇల్లు లేదు, ఏడ్చే తల్లి లేదు.

'అరవింద సమేత' (2018) ఒక అడుగు ముందుకు వేసింది; ఇంటి ఆడవాళ్ల దుఃఖాన్ని కథలోకి తెచ్చింది. కాని ఆ దుఃఖమూ నాయకుల యిళ్లదే, చివరి తీర్పూ వీరుడి చేతిదే.

భూమి, కాంట్రాక్టు, ఓటు ఎవరి గుప్పిట్లో వున్నాయన్న ప్రశ్న లేనంతకాలం విలన్ చచ్చినా పెత్తనం చావదు. ఆ పాలేరుకు పేరుపెట్టి, నోరిచ్చే కథ మనం రాయాలి.